నాలుగు పాయింట్ పది

"మిషన్ ఆన్ చేసినారా అన్నా?"

లాకప్పు కటకటాల వెనక నుంచి జోయల్ అడిగిన మొదటి మాట అది. బెయిలు దొరుకుతుందా అని అడగలేదు. మూడు రోజుల కిందట సూళ్లూరుపేటలో పుట్టిన తన బిడ్డ ఎలా ఉందని అడగలేదు. మిషన్ సంగతి అడిగాడు. డిటెక్టివ్ దొరస్వామి మనసులో ఆ మాట ముల్లులా దిగబడింది.

"గురువారం ఆపింది ఆపినట్టే ఉండాదప్పా. పోలీసోళ్లు సీలేసినారు. ఇప్పుడు పోయి ఆన్ చేయించి సూడాలనుకుంటా ఉండా."

"వద్దన్నా!" జోయల్ రెండు చేతులతో కడ్డీలు పట్టుకున్నాడు. "దాన్ని ముట్టుకోవద్దు. అందులో ఏమున్నా నేనే వేసినాను. రాసుకోమనండి."

"ఏం వేసినావు?"

"ఫోర్ పాయింట్ టెన్."

"ఎప్పుడు?"

"ఆదివారం. సాయంత్రం నాలుగుంబావుకు."

"ఆ తర్వాత మళ్లీ ముట్టుకున్నావా?"

"లేదు." అంతలోనే వాడి కళ్లు నేలకు వాలాయి. "ముట్టుకున్నానేమో. ముట్టుకున్నా."

"ఏ రోజు?"

"మీరు ఏ రోజు అంటే ఆ రోజు."

దొరస్వామి యాభై రెండేళ్ల బతుకులో నేరం ఒప్పుకోనివాళ్లను చాలామందినే చూశాడు. చేయలేదని ఏడ్చేవాళ్లు, దేవుడి మీద ప్రమాణం చేసేవాళ్లు, ఎదురు తిట్టేవాళ్లు. నేరానికి తేదీ నువ్వే వేసుకో అన్నవాణ్ణి మాత్రం ఇదే చూడడం. వాడు అబద్ధం చెబుతున్నాడని అర్థమైంది. ఎందుకు చెబుతున్నాడో అంతుపట్టలేదు. అంతుపట్టని సంగతి ఏదైనా ఉంటే దొరస్వామికి అన్నం సహించదు.

గడియారం చూసుకున్నాడు. పన్నెండుంబావు. నాలుగ్గంటలకు జోయల్‌ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. తెలిసే మనిషిని చంపాడని కేసు. ఆ సెక్షను కింద లోపలికి పోయినవాడు బిడ్డ ముఖం ఎప్పుడు చూస్తాడో చెప్పలేం.

జరిగింది చెప్పుకుంటే నాలుగు ముక్కలే. చిత్తూరు శివార్లలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. గుజ్జు నింపిన డబ్బాలను ఆవిరిలో ఉడికించే ఇనుప పీపాలు అక్కడ మూడున్నాయి. ఇంట్లో ప్రెషర్ కుక్కరు లాంటివే, కాకపోతే ఒక్కోదాంట్లో మనిషి నిలబడొచ్చు. వాటిని రిటార్టులంటారు. లోపల ఆవిరి ఉన్నంతసేపూ మూత తెరుచుకోకుండా ఒక కంప్యూటర్ పెట్టె కాపలా కాస్తుంది. గురువారం మధ్యాహ్నం రెండూ నలభైకి కరెంటు పోయింది. రెండూ నలభై మూడుకు జనరేటర్ వేశారు. రెండూ నలభై నాలుగుకు రెండో నంబరు రిటార్టు మీద పచ్చలైటు వెలిగింది. అంటే మూత తీయొచ్చని. ఇరవై రెండేళ్లుగా అదే పని చేస్తున్న గోవిందయ్య మూత చక్రం తిప్పాడు. లోపలున్న ఆవిరంతా ఆయన మీదికొచ్చింది. తిరుపతి ఆసుపత్రిలో మర్నాడు తెల్లవారకముందే పోయాడు.

ఆ పెట్టెలో సాఫ్ట్‌వేర్ వేసేవాడు జోయల్. ఇంకెవరినీ పట్టుకునే పని లేకుండా పోలీసుల చేతికందాడు.

దొరస్వామిని పెట్టుకున్నది జోయల్ అక్క రూతు. అదే ఫ్యాక్టరీ ల్యాబులో తొమ్మిదేళ్లుగా గుజ్జు పులుపు కొలిచే మీటరు చూసి రిజిస్టర్లు నింపే మనిషి. నాయన పోయాక తమ్ముణ్ణి ఐటీఐ చదివించింది ఆమె జీతమే. నిన్న కోర్టు వెనక దొరస్వామి గదికి వచ్చి, "నా తమ్ముడు చీమకు కూడా చెడ్డ చేసేవాడు కాదన్నా. వాణ్ణి ఇంటికి తీసుకురా. అంతే నేనడిగేది," అని కూర్చుని లేవలేదు.

* * *

రెండో నంబరు రిటార్టు దగ్గర ఎస్సై నరేంద్ర సీలు విప్పుతుంటే, వెనక నుంచి ఖరీదైన సెంటు వాసన వచ్చింది. తిరిగి చూడకుండానే దొరస్వామి, "రా అప్పా భానుచందర్. నీ కోసమే సూస్తా ఉండాము," అన్నాడు.

భానుచందర్ ఇన్సూరెన్సు కంపెనీ తరఫున తిరుపతి నుంచి వచ్చిన ఇన్వెస్టిగేటరు. ఇంజనీరింగు చదివాడు. చదివాడని మరచిపోయే అవకాశం ఎవరికీ ఇవ్వడు.

"దొరస్వామన్నా, నువ్వు యా కాలేజీలో చదివినావు సాఫ్ట్‌వేరు?"

"తొమ్మిదో తరగతిలో బడి మానేసినాను. ఆ ఏడు సాఫ్ట్‌వేరు చెప్పలేదు."

ఎస్సై నవ్వు ఆపుకున్నాడు. గుమ్మం దగ్గర తల మీద నెట్ టోపీ, తెల్లకోటుతో చంకలో రిజిస్టరు పెట్టుకుని నిలబడ్డ రూతు మాత్రం నవ్వలేదు. ఆమె కళ్లన్నీ ఆ పెట్టె మీదే ఉన్నాయి.

"నా రిపోర్టు అయిపోయింది," అన్నాడు భానుచందర్, చేతిలోని కాగితాల కట్ట ఊపుతూ. "సాఫ్ట్‌వేరు తయారుచేసిన చెన్నై కంపెనీ మే నెలలో ఒక లెటర్ పంపింది. పాత వెర్షన్లలో ఒక లోపం ఉంది. కరెంటు పోయి వస్తే, లోపల ఆవిరి ఉందన్న సంగతి పెట్టె మర్చిపోతుంది. మూత తాళం వదిలేస్తుంది. కాబట్టి అవి తీసేసి కొత్తది వేయమన్నారు. జోయల్ దగ్గర మూడు వెర్షన్లుండాయి. 4.8, 4.9, 4.10. ఇప్పుడు ఈ పెట్టె మీద స్టిక్కర్ చదువు."

పెట్టె మూలన నీలం ఇంకుతో రాసిన చిన్న స్టిక్కరు ఉంది. 4.10, ఆదివారం, జోయల్.

"ఐదో తరగతి పిల్లోణ్ణి పిలిచి అడుగు," అన్నాడు భానుచందర్. "నాలుగు పాయింట్ తొమ్మిది అంటే నాలుగు పాయింట్ తొంభై. అది పెద్దదా, నాలుగు పాయింట్ పది పెద్దదా? చేతిలో పెద్దది పెట్టుకొని చిన్నది వేసినాడు. కొత్తది పెట్టుకొని పాతది వేసినాడు. అంతకు ముందు రోజు శనివారం క్యాంటీన్లో గోవిందయ్యతో చొక్కాలు పట్టుకున్నాడు. నలభై మంది సూసినారు. ఇంకేం కావాల?"

ఎస్సై తలూపాడు. వినడానికి బాగానే ఉంది. చదువుకున్నవాడు చెప్పే అబద్ధానికీ పొరపాటుకీ ఒకటే ఇస్త్రీ ఉంటుంది, నలిగి కనబడదు.

ల్యాబులో ఎవరో పిలిస్తే రూతు అటు వెళ్లింది. దొరస్వామి పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పెట్టె పైభాగం చూశాడు, కింద చూశాడు. వైరు పెట్టే రంధ్రం చుట్టూ దుమ్ము లేదు. మిగతా పెట్టెంతా వేలు ముద్రపడేంత దుమ్ము. తలుపు తీసి లోపలి వైపు తడిమాడు. టేపుతో అంటించిన పాలిథిన్ కవరు తగిలింది. అందులో మడత కాగితం.

"ఏమది?" అన్నాడు ఎస్సై.

"చెన్నై కంపెనీ కాగితమే. పోయినేడుది." దొరస్వామి కళ్లజోడు పైకి నెట్టుకుని చదివాడు. "వాళ్లు నంబర్లు వేసే పద్ధతి మార్చుకున్నారంట. ఇకమీదట ఏడాది, నెల కలిపి పేరు పెడతారంట. పాతవాటికి కూడా కొత్త పేర్లు ఇచ్చినారు. వాటిని జోయల్ కిందనే పెన్నుతో రాసుకున్నాడు. 4.8 అంటే 23.6. 4.9 అంటే 23.11. 4.10 అంటే 24.2."

ఎస్సై కాగితం మీదికి వంగి చూశాడు.

"ఇరవై నాలుగు ఫిబ్రవరి," అన్నాడు దొరస్వామి నెమ్మదిగా. "ఇరవై మూడు నవంబరు కంటే ముందు వస్తుందా, తర్వాత వస్తుందా అప్పా? ఐదో తరగతి పిల్లోణ్ణి పిలవమంటావా?"

భానుచందర్ కాగితం లాక్కుని చూశాడు. "ఇదెట్ల? 4.9 తర్వాత 4.10 ఎట్ల వస్తుంది? ఐదుకు పోవాల గదా."

"బడి మానేసినాక నేను పన్నెండేండ్లు సర్వేయరు వెనక గొలుసు మోసినానప్పా. సర్వే నంబరు నాలుగును అన్నదమ్ములు పంచుకుంటే 4/1, 4/2 అని ముక్కలు పడతాయి. తొమ్మిదో ముక్క 4/9. దాని పక్కన పదో ముక్క 4/10. పదో ముక్క వచ్చిందని 4/9 పెద్దది, 4/10 చిన్నది అయిపోదు. ఆ సుక్క లెక్కల సుక్క కాదు, గట్టు. గట్టుకు ఇవతల ఒక నంబరు, అవతల ఒక నంబరు. చెన్నైవాళ్లు కూడా గట్టే వేసినారు. నువ్వు దశాంశం అనుకున్నావు."

ఎస్సై ఈసారి నవ్వు ఆపుకోలేదు. భానుచందర్ చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే జోయల్ వేసింది కొత్తదే," అన్నాడు దొరస్వామి. "నీ రిపోర్టులో మొదటి పేజీ తప్పు. మొదటి కుట్టు తప్పితే మిగతా కుట్లన్నీ తప్పే."

"కొత్తదే అయితే మూత ఎట్ల తెరుచుకునింది?" భానుచందర్ గొంతు పెరిగింది. "కొత్తదాంట్లో ఆ లోపం లేదు గదా? ఆన్ చెయ్. మిషన్నే చెప్పనీ. 24.2 అని వస్తే నేను ఈ రిపోర్టు ఇక్కడే చించేస్తా."

దొరస్వామి చెయ్యి స్విచ్చు మీద ఆగింది. వద్దన్నా, దాన్ని ముట్టుకోవద్దు. లాకప్పులో ఆ పిల్లాడి ముఖం కళ్లముందు కదిలింది. ఇక్కడితో ఆపితే వాడు సగం బయటపడ్డట్టే. స్టిక్కరు సాక్ష్యం, కాగితం సాక్ష్యం. నాలుగ్గంటల లోపల వకీలు చేతిలో పెడితే చాలు. కానీ కొత్తదే ఉండి మూత ఎలా తెరుచుకుందన్న ప్రశ్న ఆయన్ని ఆ రాత్రికీ, ఆ తర్వాతి రాత్రులకీ నిద్రపోనివ్వదు. మూసి ఉన్న తలుపు చూస్తే తీయకుండా పోలేని జబ్బు ఆయనది. ఆ జబ్బుతోనే ఇన్నేళ్లూ తిన్నాడు.

స్విచ్చు వేశాడు.

పెట్టె కీచుమంది. తెర మీద నీలం వెలుగు వచ్చింది. నాలుగు లైన్లు పరుగెత్తి, అయిదోదాని దగ్గర ఆగాయి.

వెర్షన్ 23.11.

భానుచందర్ చప్పట్లు కొట్టాడు. ఒకటి, రెండు, మూడు, తీరిగ్గా. "నీ చేతులారా ఉరి బిగించినావన్నా నీ క్లయింటుకు. స్టిక్కరేమో కొత్తది, లోపలేమో పాతది. తెలిసే చేసినాడని ఇంతకంటే రుజువు కావాలా? తప్పు జరిగితే స్టిక్కరు సూపించి తప్పుకుందామనుకున్నాడు."

ల్యాబు నుంచి అప్పుడే తిరిగొచ్చిన రూతు గుమ్మం దగ్గర నిలబడి తెర వంక తెల్లబోయి చూస్తోంది. "అన్నా, ఏమయింది? 23.11 అంటే ఏంది?"

దొరస్వామి తెర వైపు తిరిగాడు. "భానుచందర్, నువ్వు చదువుకున్నోడివి. ఈ పెట్టెలో ఎప్పుడెప్పుడు ఏది వేసినారో రాసుకుంటుందా?"

"రాసుకుంటుంది. హిస్టరీ అని ఉంటుంది." వాడు ముందుకొచ్చి తెర మీద మూడు చోట్ల వేలుతో నొక్కాడు. "సూడు. సూసి కండ్లు సల్లబరుచుకో."

చివరి రెండు లైన్లు ఇవి.

ఆదివారం, సాయంత్రం 4.15. వెర్షన్ 24.2. వేసినవారు: జోయల్.

బుధవారం, ఉదయం 10.52. వెర్షన్ 23.11. వేసినవారు: జోయల్.

"ఆదివారం మంచిది వేసినాడు, బుధవారం చెడ్డది వేసినాడు," అన్నాడు భానుచందర్. "గురువారం మనిషి పోయినాడు. నరేంద్రగారూ, రాసుకోండి."

ఎస్సై నోటుబుక్కు తీశాడు.

"ఒక్క నిమిషం సార్." దొరస్వామి ఇంకా తెర వంకే చూస్తున్నాడు. "గేటు దగ్గర వేలిముద్ర మిషన్ ఉండాది గదా. బుధవారం జోయల్ ఎన్నింటికి లోపలికి వచ్చినాడో అడగండి."

ఎస్సై గేటుకు ఫోన్ చేశాడు. విన్నాడు. ఫోన్ దించి, "బుధవారం రాలేదంట. లీవు," అన్నాడు.

"రాడు!" రూతు గబగబా లోపలికి వచ్చింది. "యాడొస్తాడు సార్? ఆ రోజు వాని పెండ్లానికి సూళ్లూరుపేట ఆసుపత్రిలో కాన్పు. ఆపరేషన్ కాగితం మీద పది ముప్పావుకు సంతకం పెట్టినాడు. నేను ఫోన్లో పెట్టుకోనుండా, సూడండి." ఫోన్ తీసి ఎస్సై ముందు పెట్టింది. ఆసుపత్రి కాగితం, సంతకం, తేదీ, టైము. 10.45.

"సంతకం పెట్టి ఆడినుంచే లాప్‌టాప్‌లో చేసుండొచ్చు," అన్నాడు భానుచందర్.

"నీ రిపోర్టు మూడో పేజీ తియ్యప్పా," అన్నాడు దొరస్వామి. "పొద్దున ఎస్సైగారు సూపించినారు. ఏం రాసినావు? ఈ పెట్టెకు ఇంటర్నెట్ లేదు, ఎదురుగా నిలబడి వైరు పెడితే తప్ప ఏదీ ఎక్కదు. నువ్వు రాసినవాటిలో నిజం అదొక్కటే. దాన్ని కూడా కాదంటావా?"

భానుచందర్ మూడో పేజీ తిప్పి చూసుకున్నాడు.

"సూళ్లూరుపేటలో పది నలభై అయిదు. ఈడ పది యాభై రెండు," అన్నాడు ఎస్సై తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "ఏడు నిమిషాల్లో మనిషి రాలేడు. అంటే జోయల్ పాస్‌వర్డ్ తెలిసినోడు ఇంకొకడు ఉండాడు."

ఆ మాటతో దొరస్వామికి పొద్దుటి నుంచి గుచ్చుకుంటున్న ముల్లు ఎక్కడిదో తెలిసింది. మీరు ఏ రోజు అంటే ఆ రోజు. ఇరవై ఆరేళ్ల పిల్లాడు, కడుపున పుట్టిన బిడ్డను కూడా పక్కన పెట్టి, జైలుకు పోతానని ఎవరి కోసం పట్టుబడతాడు? తన పాస్‌వర్డు వాడు ఎవరికి చెప్పి ఉంటాడు?

ఆయన చూపు రూతు చంకలోని రిజిస్టరు మీద పడింది. అట్ట మీద బుధవారం తేదీ. పక్కకు జారిన పేజీలో నిలువునా వరసలు, ఆమె చేతిరాత. 3.9, 4.10, 4.05, 3.95. అన్నీ పులుపు అంకెలు. అన్నీ దశాంశాలు. తొమ్మిదేళ్లుగా చుక్క అంటే ఆమెకు అదొక్కటే అర్థం.

"రూతమ్మా," అన్నాడు, ఎంత మామూలుగా అనగలడో అంత మామూలుగా. "నువ్వు ఇంటికి పో తల్లీ. బిడ్డను సూడను సూళ్లూరుపేట పోవాలంటివి గదా. బస్సు టైమయింది. మిగతాది నేను సూసుకుంటా."

"ఇప్పుడెందుకు పోతానన్నా? వాడు బయటికి వచ్చేదాకా కదలను." ఆమె ఎస్సై వైపు తిరిగింది. ముఖంలో రెండు రోజుల తర్వాత వెలుగు కనబడింది. "సార్, బుధవారం సంగతి కదా మీకు కావాల్సింది? అది తప్పు పని అని వాని మీద రాయొద్దండి. అది నేను చేసింది."

"రూతమ్మా!"

"సెప్పనీ అన్నా. వాడే సెప్పొద్దన్నాడు. పాస్‌వర్డ్ పంచుకుంటే నా ఉద్యోగం పోతుందని నిన్న లాకప్పు దగ్గర ఏడిచి మాట తీసుకున్నాడు. పోతే పోనీ. ఉద్యోగం కోసం వాణ్ణి జైల్లో పెట్టుకుంటానా?" ఆమె స్టిక్కరు వైపు చెయ్యి చూపింది. "బుధవారం చెన్నై లెటర్ మా ల్యాబుకు కూడా వచ్చింది సార్, కొత్త వెర్షన్ ఉండాదో లేదో సూడమని. నేనొచ్చి సూస్తే 4.10 ఉండాది. ఫ్యాక్టరీ లాప్‌టాప్‌లో వాని ఫోల్డర్ తీస్తే 4.9 ఉండాది. రోజుకు నలభైసార్లు మీటర్ సూసి రాసేదాన్ని, నాలుగు పాయింట్ పది కంటే నాలుగు పాయింట్ తొమ్మిది పెద్దదని నాకు తెలీదా? కాన్పు తొందరలో వీడు తెలీక చిన్నది వేసి పోయినాడు, ఎవరన్నా సూస్తే వాని కొంప మునుగుతుందని నేనే వాని పేరుతో పోయి పెద్దది వేసినాను. స్టిక్కరు మారిస్తే తప్పు బయటపడుతుందని అట్లే ఉంచినాను. వాని తప్పు నేను సరిచేసినాను సార్. వాడు ఏ పాపం ఎరగడు."

భానుచందర్ చేతిలో కాగితాల కట్ట ఉన్నా దాన్ని ఊపడం మరిచిపోయాడు. ఎస్సై నోటుబుక్కు మీద పెన్ను ఆనించి, రాయకుండా, దొరస్వామి ముఖంలోకి చూశాడు. తాను వేసిందే పాతదని ఆమెకు ఇంకా తెలియలేదు. ముగ్గురు మగవాళ్లలో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

గడియారంలో మూడుంబావు.

"మీరే సెప్పండి సార్," అంది రూతు. "ఇప్పుడన్నా వదిలేస్తారు గదా నా తమ్ముణ్ణి?"

ఎస్సై నరేంద్ర నోటుబుక్కు మూసేశాడు. "వదిలేస్తామమ్మా. సాయంత్రానికి ఇంటికి పంపేస్తాం."

ఆమె రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని, ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. కళ్లు మూసుకున్న ఆ కొంచెంసేపట్లో ఎస్సై గోడ వైపు తిరిగి, ఫోన్లో గొంతు తగ్గించి, వెంటనే ఒక మహిళా కానిస్టేబుల్‌ని ఫ్యాక్టరీకి పంపమన్నాడు.